ఉప్పు గీత

చీమకుర్తిలో లారీలు కడిగే షెడ్డు పక్కన
నా మిషను.
పైన రేకు, రేకు కింద నేను.
ముప్పై ఏళ్ళుగా క్వారీ చొక్కాలన్నీ నా దగ్గరికే
చంకలో చిరిగినవి, వీపున పేలికలైనవి.
పేరు చెప్పక్కర్లేదు,
ఉప్పు గీత చూసి చెబుతాను ఎవరిదో.
కంప్రెషరు దగ్గరుండేవాడికి నడుం దాకా దిగుతుంది.
డ్రిల్లు పట్టేవాడికి భుజాల మీద రెండు తెల్లటి నెలవంకలు.
మాలకొండయ్యదయితే ఎడమవైపే.
జిలెటిన్ పేలిన ఏడు
ఆయన కుడి భుజం చెమట పట్టడం మానేసింది.

రోహిణి కార్తెకి ఇంకా నాలుగు రోజులుందనగా
ఆఫీసు కుర్రాడు అట్టపెట్టె దించాడు.
"మస్తానక్కా, చలి కోట్లు. పద్నాలుగు. అన్నీ ఎల్ సైజే.
మనోళ్ళకి వదులు. పక్కలు బిగించియ్యి, రేపటికల్లా."
బూడిద రంగు. చేతుల్లేవు.
లోపల ముందు రెండు జేబులు, వెనక రెండు,
వాటిల్లోకి గడ్డకట్టిన జెల్లు పలకలు
పెరుగు ప్యాకెట్టంత ఒక్కోటి.

మధ్యాహ్నం షట్టరు సగం దించి
ఒకటి తొడుక్కున్నాను, చీర మీదే.
ఉలిక్కిపడ్డాను ముందు
ఎవరో వెనకనుంచి తడిచెయ్యి వేసినట్టు.
తర్వాత వెన్నుపూసలు ఒక్కొక్కటే కుదురుకున్నాయి
పిల్లలు పడుకున్నాక ఇల్లు సర్దుమణిగినట్టు.
ఎండాకాలం నా ఒంటి మీద చెమట ఆగడం
నేను చూడ్డం అదే.
ఏడుపు రాలేదు గానీ
కత్తెర ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

వారం తిరక్కుండా మాలకొండయ్య వచ్చాడు జిప్పు ఊడిందని.
"ఎట్టుందన్నా?"
"రెండు గంటలు ఊటీ.
తర్వాత మూడు కేజీల గోరువెచ్చటి నీళ్ళు వీపున మోస్తా ఉంటాం.
విప్పనీరు. ఫోటోలు తీసేవాళ్ళు ఎప్పుడొస్తారో తెలవదంట."
కాసేపాగి నవ్వాడు.
"రాయిదేలే మ్మే అదృష్టం.
ఇక్కడుంటే పెనం. ఓడెక్కిందా,
ఎవరి వంటింట్లోనో చల్లటి గట్టు."

అసలు సంగతి చెప్పులేసుకుంటా చెప్పాడు.
"ఇదివరకు పదకొండున్నరకి గుంటలోంచి పైకొచ్చేవాళ్ళం.
కోటుందిగా అని ఒంటిగంట చేశారు."

జిప్పు పళ్ళు నా వేళ్ళ మధ్య ఆగిపోయాయి.
పక్కలు బిగించింది నేనే.
అరంగుళం ఇటు, అరంగుళం అటు.

రాతిముక్కలేరే ఆడవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.
"మాకేం డ్రిల్లులా," అంటుంది దీనమ్మ
కాలిన అరచేతులు చీరకి రుద్దుకుంటా.
చీరాల తువ్వాళ్ళు నాలుగు పొరలేసి
మధ్యలో వట్టివేరు పరిచి గళ్ళుగళ్ళుగా కుట్టాను.
దీనమ్మకొకటి, ఒరిస్సా పిల్ల జెమామణికొకటి.
బకెట్లో ముంచి, పిండి, తొడుక్కోవాలి.
గంటకోసారి.
గంటకోసారి బకెట్టు దగ్గరికెవరు పోనిస్తారని
దీనమ్మ అడగలేదు. నేనూ అనలేదు.
ట్యాంకరొచ్చిన రోజు మాత్రం
క్వారీ దుమ్ములో వట్టివేరు వాసనొచ్చిందని
జెమామణి వాళ్ళ భాషలో ఏదో చెప్పి, ముక్కు చూపించింది.

మృగశిర చినుకులు పడ్డాక
కోట్లు తిరిగొచ్చాయి, అదే అట్టపెట్టెలో.
పదమూడు.
పద్నాలుగోది మేనేజరు స్కూటీ సీటు మీద చూశాను
ఎండకి కాలకుండా కప్పి ఉంది.

ఒక్కోటీ తిరగేశాను.
జెల్లు జేబు అంచున సన్నగా, తెల్లగా
గీత.
పదకొండున్నర దాటాక పడ్డది.
ఒకదానికి ఎడమవైపే.

"ఉతికి, చిరుగులుంటే కుట్టియ్యమన్నారక్కా," అన్నాడు కుర్రాడు.
కుడతాను, అన్నాను.
ఉతకను.